మూత తెరిచే ముందు క్షణం

పేజీ మీద ఒక తలుపు బొమ్మ ఉంది. ఆ తలుపు నిజానికి ఒక అంచు మాత్రమే అంటించిన చిన్న కాగితం. ఎత్తితే లోపల ఇంకో బొమ్మ కనిపిస్తుంది. పుస్తకాలు తయారుచేసేవాళ్లు దీన్ని ఫ్లాప్ అంటారు. నాకు మూత అనడం ఇష్టం, దాగుడుమూతల్లోని మూత. మూడేళ్ల పాప వేలు ఆ మూత అంచున ఆగింది. ఇంకా ఎత్తలేదు. లోపల ఏముందో తనకి తెలియదు. ఏదో ఉందని మాత్రం తెలుసు. అదేమై ఉంటుందో ఒక ఊహ కూడా అప్పుడే పుట్టింది.

ఇంటరాక్టివ్ బొమ్మల పుస్తకం, అంటే పిల్లలు చేత్తో ఏదో ఒకటి చేస్తూ చదివే పుస్తకం, డిజైన్ చెయ్యడమంటే ఆ క్షణాన్ని డిజైన్ చెయ్యడమే. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, పనిలోకి దిగగానే అందరి ధ్యాసా మూత మీదకే పోతుంది. ఎన్ని మూతలు పెట్టాలి, ఎక్కడ కాగితపు పట్టీ లాగితే బొమ్మ కదలాలి, ఎక్కడ సౌండ్ రావాలి, ఇవే లెక్కలు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నా మొదటి డమ్మీలో, అంటే అచ్చుకి ముందు చేత్తో చేసుకునే నమూనా పుస్తకంలో, 12 పేజీలకి 22 మూతలు ఉండేవి. ఒక నాలుగేళ్ల బాబు రెండు నిమిషాల్లో అన్నీ తెరిచేసి పుస్తకం నా చేతికి ఇచ్చేశాడు. కథేమిటి నాన్నా అని అడిగితే, "అన్నీ తెరుచుకుంటాయి" అన్నాడు. వాడు నిజమే చెప్పాడు. ఆ పుస్తకంలో జరిగేది అదొక్కటే.

మూతకీ ఆ క్షణానికీ ఉన్న తేడా 1980లో వచ్చిన 'వేర్ ఈజ్ స్పాట్?' అనే మూతల పుస్తకం దగ్గర బాగా అర్థమవుతుంది. దాన్ని చేసిన ఎరిక్ హిల్ ప్రకటనల రంగంలో పనిచేసేవాడు. ఒక ప్రకటన కోసం మూత ఉన్న కాగితం తయారుచేస్తుంటే, తన చిన్న కొడుకు దాన్ని ఎత్తి చూడడంలో మునిగిపోయాడట. పుస్తకం ఆలోచన అక్కడే పుట్టింది. కథ చాలా చిన్నది. తల్లి కుక్క తన కూన స్పాట్ కోసం వెతుకుతుంది. తలుపు వెనక ఉందా? ఎత్తితే అక్కడ ఎలుగుబంటి, "లేదు" అంటుంది. గడియారంలో ఉందా? పాము, "లేదు". మంచం కింద? మొసలి, "లేదు". చివరికి బుట్టలో దొరుకుతుంది.

వాక్యం ప్రశ్న అడుగుతుంది, మూత జవాబుని దాస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, తల్లి కుక్క చేసే పనీ పాప చేసే పనీ ఒక్కటే: వెతకడం. పాప చెయ్యి కదలకపోతే కథ కదలదు. నాలుగో పేజీకి వచ్చేసరికి పాప ముందుగానే "లేదు!" అని అరుస్తుంది, అయినా మూత ఎత్తి చూస్తుంది. తన ఊహ సరైనదని తేలడం ఆ వయసులో పెద్ద సంతోషం. ఇరవయ్యోసారి చదివినా ఆ సంతోషం తగ్గదు. మొదటిసారి అది కనిపెట్టడంలో ఉంటుంది, తర్వాత తెలిసి ఉండడంలో ఉంటుంది.

నా దగ్గరికి ఎవరైనా డమ్మీ తెస్తే ఒకటే చెబుతాను. మూతలన్నీ టేపు వేసి మూసేసి కథ చదవండి. కథ హాయిగా సాగిపోతే ఆ మూతలు అలంకారం కోసం పెట్టినవే. ఎక్కడైనా కథ ఆగిపోతే, అక్కడి మూతకి పని ఉంది.

అసలు మూతే లేకుండా ఆ క్షణాన్ని పుట్టించవచ్చు. 2010లో ఫ్రాన్స్‌లో ఎర్వే తులే చేసిన పుస్తకంలో తెల్ల పేజీ మీద ఒక పసుపు చుక్క ఉంటుంది. దాన్ని నొక్కి పేజీ తిప్పమంటుంది. తిప్పితే రెండు చుక్కలు. పుస్తకాన్ని ఊపమంటుంది, తిప్పితే చుక్కలు చెల్లాచెదురు. కాగితానికి కత్తెర తగల్లేదు, జిగురు లేదు, బ్యాటరీ లేదు. మామూలు అచ్చు పుస్తకమే. అంతకు ఎంతో ముందే, 1971లో, పేజీ తిప్పొద్దని పాత్ర బతిమాలే పుస్తకం ఒకటి వచ్చింది. వద్దన్నకొద్దీ పిల్లలు తిప్పుతారు, ఆ అల్లరే కథ. పేజీ తిప్పడం అన్నిటికంటే పాత ఇంటరాక్షన్. కుడి పేజీ చివర వాక్యాన్ని సగంలో ఆపగలిగితే, ఆ కాగితమే పెద్ద మూత అవుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొదటి పుస్తకం ఇలా ఏ హంగూ లేకుండా చెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. చేత్తో తాకి, లాగి, ఎత్తితే పిల్లలు ఇంకా బాగా నేర్చుకోరా? ఎక్కువ కదిలే పుస్తకం ఎక్కువ నేర్పాలి కదా?

పరిశోధనలు అలా అనడం లేదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జూడీ డిలోచ్ బృందం పసిపిల్లలు బొమ్మల్ని ఎలా అర్థం చేసుకుంటారో చాలాకాలం గమనించింది. 1998లో వాళ్లు చూపించింది ఇది: తొమ్మిది నెలల పిల్లలు పుస్తకంలోని సీసా ఫొటోని వస్తువులాగే పట్టుకోబోతారు, తడుముతారు, గీకుతారు. ఏడాదిన్నర దాటాక ఆ పని మానేసి వేలు పెట్టి చూపించడం మొదలుపెడతారు. అంటే కాగితం మీద ఉన్నది వస్తువు కాదనీ, వస్తువుకి గుర్తు అనీ తెలుసుకుంటారు. చదువంతా నిలబడేది ఈ తెలివిడి మీదే. అక్షరం కూడా అలాంటి గుర్తే కదా.

పాప్-అప్ ఈ తెలివిడికి అడ్డుపడుతుంది. కాగితం కోతి పేజీలోంచి లేచి నిలబడగానే అది మళ్లీ వస్తువైపోతుంది. పిల్ల దాన్ని గుర్తుగా చూడదు, ఆటబొమ్మగా చూస్తుంది. అదే బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో, రెండేళ్లకి అటూ ఇటూ వయసున్న పిల్లలకి పుస్తకం ద్వారా కొత్త జంతువుల పేర్లు, విశేషాలు చెప్పారు. మామూలు ఫొటోల పుస్తకం చదివినవాళ్ల కంటే పాప్-అప్ పుస్తకం చదివినవాళ్లు తక్కువ నేర్చుకున్నారు. అక్షరాలు నేర్పే పుస్తకాలతో 2012లో చేసిన ప్రయోగంలోనూ ఇదే తేలింది. పిల్లల ధ్యాస ఒక చిన్న గిన్నె లాంటిది. పట్టీ లాగడానికి అందులో ఎంత ఖర్చయితే, అక్షరానికి అంత తగ్గుతుంది.

ఇవి చదివినప్పుడు నాకు కొంచెం బాధేసింది. ఎందుకంటే పాప్-అప్ పుస్తకాలంటే నాకు ప్రాణం. కానీ జాగ్రత్తగా చూస్తే ఆ ప్రయోగాల్లో కదిలే భాగానికీ నేర్పే విషయానికీ పెద్దగా సంబంధం లేదు. కోతి లేచి నిలబడడం కోతి పేరు నేర్చుకోవడానికి పనికిరాదు. వెతికే కథలో వెతకడం సంగతి వేరు. అందుకే నేను తీసుకున్న పాఠం ఇది: అక్షరాలు, అంకెలు, పేర్లు నేర్పాలనుకుంటే పేజీని కదలకుండా ఉంచడం మంచిది. కదిలించాలనుకుంటే కథలోని క్రియనే కదిలించాలి.

ఆ మాటకి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1969 నాటి ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు పుస్తకం. సోమవారం ఒక ఆపిల్ తింటుంది, మంగళవారం రెండు బేరిపళ్లు. ఇలా శుక్రవారం దాకా రోజుకొకటి పెరుగుతుంది. ప్రతి పండుకీ కాగితంలో గుండ్రటి చిల్లు. పేజీల వెడల్పు కూడా రోజురోజుకీ పెరుగుతుంది. పిల్ల చిటికెన వేలు ఆ చిల్లులోంచి దూరి అవతలికి వస్తుంది, పురుగు వచ్చినట్టే. ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు, పేజీలో ఎక్కడా "వేలు పెట్టు" అని రాసి లేదు. చిల్లుని చూడగానే వేలు పోతుంది. అంకెలు, వారాలు, ఆకలి, పెరగడం, అన్నీ ఒక్క చిల్లులో కూర్చున్నాయి. ఆ చిల్లులు, ఆ పేజీల కొలతలతో అందుబాటు ఖర్చులో అచ్చు వేసేవాళ్లు అమెరికాలో దొరక్క, మొదటి ముద్రణ జపాన్‌లో చేయించారు. ఆలోచన ఎంత సులువుగా కనిపిస్తే తయారీ అంత కష్టం కావడం ఈ రంగంలో మామూలే.

కదిలే పుస్తకాలు మొదట పిల్లల కోసం పుట్టలేదు. 13వ శతాబ్దపు రాతప్రతుల్లోనే తిరిగే కాగితపు చక్రాలు ఉన్నాయి, అవి లెక్కల కోసం. తర్వాత శరీర నిర్మాణం నేర్పడానికి పొరలు పొరలుగా ఎత్తే బొమ్మలు వచ్చాయి. పిల్లల వైపు తిరిగాక, 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన లోథార్ మెగ్గెన్‌డోర్ఫర్ ఒకే పట్టీ లాగితే చెయ్యి, తల, కన్ను వేరువేరుగా కదిలేలా చేశాడు. కాగితపు ముక్కల్ని కదిలేలా కలిపి ఉంచే సన్నటి తీగ రివెట్లు పేజీ లోపల దాచడమే ఆ రహస్యం. పాప్-అప్ అనే పేరు మాత్రం 1930లలో ఒక అమెరికన్ ప్రచురణ సంస్థ వాడుకలోకి తెచ్చింది.

సరే, ఆ క్షణాన్ని పేజీ మీద ఎలా పుట్టిస్తాం? మొదటిది, మూత పూర్తిగా దాచకూడదు. ఒక తోక కొస, ఒక చెవి, కింద పడిన నాలుగు ఈకలు బయట కనిపించాలి. ఆధారం లేకుండా ఊహ పుట్టదు. ఆధారం మరీ ఎక్కువైతే ఊహించే పనే ఉండదు. ఈ కొలత బల్ల దగ్గర కూర్చుంటే తేలదు. ఒకే పేజీని మూడు రకాలుగా గీసి, ముగ్గురు పిల్లలకి చూపిస్తేగానీ తెలియదు. రెండోది, ప్రశ్న కంటికి ముందు పడాలి, మూత తర్వాత. ఎడమ నుంచి కుడికి చదివే భాషల్లో ప్రశ్న ఎడమ పేజీలో, మూత కుడి పేజీలో ఉంటే పెద్దవాళ్ల గొంతు పిల్ల చేతికంటే ముందు చేరుతుంది. కుడి చివర ప్రశ్న పెట్టి ఎడమ పక్క మూత పెడితే, ప్రశ్న చదివేలోపే మూత తెరిచి ఉంటుంది. ఈ తప్పు నేను రెండు పుస్తకాల్లో చేశాను.

మూత కింద దొరికేది ఖాళీ కాకూడదు. అలాగని అక్కడ పేరా రాయకూడదు. ఒక బొమ్మ, ఒక మాట చాలు. ఆ మాట పిల్ల నోటితో అనగలిగేది అయితే ఇంకా మంచిది. ప్రతి పేజీలోనూ మూత పెట్టినా ఫర్వాలేదు, ఒక్కచోట మాత్రం అలవాటు తప్పించాలి. ఏడు మూతలు పైకి తెరుచుకున్నాక ఎనిమిదోది పక్కకి తెరుచుకుంటే, పిల్ల చెయ్యి ఆగుతుంది, కళ్లు పెద్దవవుతాయి. ఆ ఆగడం కథలోని మలుపు దగ్గరే రావాలి. వేరే చోట వస్తే చిరాకు తెప్పిస్తుంది.

చేతుల సంగతి వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే బొమ్మలు గీసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. ఆరునెలల బిడ్డకి పుస్తకం నోట్లో పెట్టుకునే వస్తువు. అట్ట పేజీలు, గుండ్రటి మూలలు, తడిసినా ఊడని పూత కావాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకోవడం తొమ్మిది, పది నెలల దగ్గర మొదలవుతుంది. అయినా పల్చటి మూతని అంచు పట్టి ఎత్తడానికి ఇంకా చాలా సమయం పడుతుంది. అందుకే చిన్నపిల్లల మూతకి అంచులో అర్ధచంద్రం లాంటి కోత పెడతారు, వేలు దూరడానికి. ఒకటిన్నర ఏడాది పిల్ల మూతని ఎత్తదు, పీకుతుంది. కోపంతో కాదు, వేళ్ల బలం ఎక్కడ ఆపాలో ఇంకా తెలియదు కాబట్టి. లాగే పట్టీలు మూడేళ్లు దాటాక ఇవ్వడం నయం. ఆ పట్టీకి లోపల అడ్డు ఉండాలి, ఎంత లాగినా చేతికి ఊడి రాకుండా. ఊడివచ్చిన ముక్క సంగతి మరీ ముఖ్యం. మూడేళ్లలోపు పిల్లల వస్తువులకి వాడే భద్రతా పరీక్షలో సుమారు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం ఉంటుంది. ఏ ముక్కైనా అందులో పూర్తిగా పట్టేస్తే అది గొంతుకి అడ్డుపడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. బటన్లు, గుడ్డ ముక్కలు, అతికించే బొమ్మ కళ్లు పెట్టాలనుకునేవాళ్లు ఈ కొలతని బల్ల మీద రాసి అంటించుకోవాలి.

తయారీలో చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి, రెండు చెబుతాను. కాగితానికి నార దిశ ఉంటుంది, అంటే అందులోని పోగులు ఎక్కువగా ఒకవైపే పరుచుకుని ఉంటాయి. ఆ దిశ వెంట మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. మూత మడత నారకి అడ్డంగా పడితే వందసార్లు తెరిచేలోపు రంగు లేచిపోయి తెల్లటి గీత పడుతుంది. రెండోది, పాప్-అప్ ముక్క పుస్తకం మూసినప్పుడు అంచు దాటి బయటకి రాకూడదు. ఎత్తుగా నిలబడాలనే ఆశతో పొడవు పెంచితే మూసినప్పుడు ముక్కు బయట కనిపిస్తుంది. అందుకే రంగులు వెయ్యకముందే తెల్ల అట్టతో డమ్మీ చేసి, తెరిచి మూసి, తెరిచి మూసి చూడాలి. పాప్-అప్ పుస్తకాల్లో ముక్కలు అంటించే పని ఇప్పటికీ చాలావరకు మనుషుల చేతులతోనే జరుగుతుంది. ప్రతి జిగురు చుక్కా ఒకరి కష్టం. అనవసరమైన మూత తీసేయడానికి నాకు ఇది కూడా ఒక కారణం.

స్క్రీన్ దగ్గరికి వస్తే అవే సమస్యలు మరింత పెద్దవిగా ఎదురవుతాయి. అక్కడ మూతకి ఖర్చు లేదు, జిగురు లేదు. కాబట్టి ప్రతి వస్తువునీ నొక్కితే కదిలేలా చెయ్యాలనిపిస్తుంది. 1992లో సీడీ మీద వచ్చిన కంప్యూటర్ కథల పుస్తకం 'జస్ట్ గ్రాండ్‌మా అండ్ మీ' లో రెండు దారులు ఇచ్చారు: నాకు చదివి వినిపించు, నన్ను ఆడుకోనివ్వు. ఆ విభజనలో మంచి వివేకం ఉంది. వినేటప్పుడు వినడం, ఆడేటప్పుడు ఆడడం. 2010లో ఐప్యాడ్ వచ్చాక వెలువడిన చాలా యాప్‌లు ఈ రెంటినీ కలిపేశాయి. కథ చెబుతుండగానే చెట్టు నొక్కితే పిట్ట ఎగురుతుంది, మేఘం నొక్కితే నవ్వుతుంది, అసలు కథ వెనక్కి పోతుంది.

నెదర్లాండ్స్‌కి చెందిన పరిశోధకులు 2015లో స్క్రీన్ కథల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూశారు. కథకి తోడుగా నడిచే యానిమేషన్, సంగీతం, శబ్దం కథ అర్థం కావడానికి సాయపడ్డాయి. నొక్కితే ఏదో జరిగే చోట్లు, మధ్యలో వచ్చే ఆటలు అంతగా సాయపడలేదు, కొన్నిసార్లు చెడగొట్టాయి. వాక్యం "పిట్ట ఎగిరింది" అన్నప్పుడే పిట్ట ఎగిరితే చెవీ కన్నూ ఒకే మాటని మోస్తాయి. వాక్యం ఒకటి, వేలు ఇంకొకటి అయితే పిల్ల మనసు రెండు ముక్కలవుతుంది.

కాబట్టి స్క్రీన్ మీద నేను పాటించేవి చెబుతాను. కథ చదివే గొంతు వాక్యం పూర్తిచేసేదాకా ఏది నొక్కినా కదలదు. పేజీ దానంతటదే తిరగదు. ఒక దృశ్యానికి ఒకటే కదలిక, అదీ కథని ముందుకి తీసుకెళ్లేది. పిల్లలు ట్యాబ్‌ని రెండు చేతులతో పట్టుకుంటారు, బొటనవేళ్లు స్క్రీన్ అంచుల మీదే ఉంటాయి. అంచుల్లో బటన్లు పెడితే చదువుతున్న పిల్ల తనకి తెలియకుండానే పేజీ దాటిపోతుంది. అలా జరిగినప్పుడు తన తప్పే అనుకుని టెన్షన్ పడిన పిల్లల్ని చూశాను. తప్పు పూర్తిగా డిజైన్‌ది.

ఈ పుస్తకాలన్నిటిలోనూ ఇంకొక మనిషి ఉంటారు, పక్కన కూర్చుని చదివే పెద్దవాళ్లు. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం ఒక చిన్న ప్రయోగం చేసింది. రెండేళ్ల పిల్లల తల్లిదండ్రులకి ఒక కొత్త పద్ధతి నేర్పింది: ఊరికే చదువుకుంటూ పోకుండా, పిల్లల్ని అడగాలి, వాళ్లు చెప్పినదానికి ఇంకొంచెం కలిపి తిరిగి చెప్పాలి. ఒక్క నెలలోనే ఆ పిల్లలు మాట్లాడడంలో మిగతావాళ్లని దాటారు. శబ్దాలు చేసే ఎలక్ట్రానిక్ పుస్తకాలతో కూర్చున్నప్పుడు మాత్రం పెద్దవాళ్ల మాటలు మారిపోతాయని తర్వాతి అధ్యయనాలు గమనించాయి. కథ గురించిన కబుర్లు తగ్గి, "అది నొక్కు", "అలా కొట్టకు" అనేవి పెరుగుతాయి. పుస్తకం తనే మాట్లాడేస్తే అమ్మకి మాట్లాడే చోటు ఉండదు. అందుకే నేను రాసే వాక్యాల్లో కావాలనే ఖాళీలు వదులుతాను. "ఇదెవరి తోక?" అని రాసి ఊరుకుంటాను. జవాబు అచ్చులో ఉండదు, బొమ్మలో ఉంటుంది. ఆ ఖాళీలో ఇద్దరూ మాట్లాడుకోవాలి.

చూపు లేని పిల్లల పుస్తకాలకి ఈ లెక్కలు కొంత మారతాయి. కంటికి కనిపించే ఏనుగు గీతని ఉబ్బెత్తుగా అచ్చు వేస్తే వేళ్లకి అది ఏనుగు అనిపించదు, మెలికల దారిలా తగులుతుంది. వేళ్లు ఒకేసారి మొత్తం చూడలేవు, ముక్కముక్కగా చదువుతాయి. గరుకు చర్మం, చల్లటి దంతం, కుచ్చు తోక, ఇలా తాకితే తెలిసే గుణాలతో మొదలుపెట్టాలి.

చివరిగా, పరీక్షించడం. డమ్మీని ఇంట్లోనో బడిలోనో రెండు వారాలు వదిలేస్తాను. ఎలా చదవాలో చెప్పను. తిరిగి వచ్చాక ముందు మూతల అంచులు చూస్తాను. ఏది నలిగింది, ఏది చిరిగింది, దేనికి వేలిముద్రల జిడ్డు ఎక్కువ అంటింది. ఈమధ్య ఒక డమ్మీలో నేను మూడు రోజులు కష్టపడి గీసిన సర్కస్ మూత కొత్తదానిలాగే తిరిగొచ్చింది. దాని ముందున్న వాక్యం అడగడం లేదు, వర్ణిస్తోంది. బాగా చిరిగి, ఎవరో టేపు వేసి అతికించిన మూత మాత్రం చాలా మామూలుది. చిన్న పెట్టె, దాని కింద ఒక కప్ప, "ఇంకా లేదు" అనే మాట. సర్కస్ పేజీ తీసేశాను. కప్ప మూతకి కాస్త మందం కాగితం వాడమని ప్రెస్‌కి రాశాను.